యులోగారి సెలవులు: మా నాన్న ఎందుకంత నవ్వారు?

గోదారిగాలి
ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఎవరో చూసి తీరాల్సిందే అని రాస్తే నిన్న రాత్రి ఒక పాత ఫ్రెంచి కామెడీ పెట్టుకున్నాం. 1953 నాటిది, బ్లాక్ అండ్ వైట్. జాక్ తాతి తీసి, తనే నటించిన సినిమా. పేరు మన భాషలో చెప్పాలంటే యులోగారి సెలవులు.

గంటన్నర చూశాక కూడా నాకు కథ దొరకలేదు. ఒక పొడుగాటి మనిషి డొక్కు కారేసుకుని సముద్రం ఒడ్డున ఉన్న హోటల్‌కి వస్తాడు. కొన్నాళ్లుంటాడు. వెళ్లిపోతాడు. నాకు మూడు నాలుగు చోట్ల నవ్వొచ్చింది, మిగతా టైమంతా ఫోన్ చూసుకున్నాను.

మా నాన్న సంగతి వేరే. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఫ్రెంచి ముక్క రాదు, కళ్లజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయారు కాబట్టి సబ్‌టైటిల్స్ కూడా చదవలేదు. మొదట్లో ఒక స్టేషను సీను ఉంటుంది. లౌడ్‌స్పీకర్లో గరగరమంటూ ఏదో అనౌన్స్‌మెంటు వస్తుంది, ఒక్క మాట అర్థం కాదు. జనం పెట్టెలు, పిల్లలు, వలలు పట్టుకుని మెట్లు దిగి అవతలి ప్లాట్‌ఫారానికి పరిగెడతారు. బండేమో ఇంకో ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. మళ్లీ గరగర, మళ్లీ పరుగు. "ఇది మన స్టేషనేరా, ఆ మైకు కూడా మనదే" అని నాన్న నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నారు. అమ్మ మంచినీళ్లు పట్టుకొచ్చింది. ఆ తర్వాత చివరిదాకా ఆయన నవ్వుతూనే ఉన్నారు, నేను "ఏమైంది, ఏమైంది" అని అడుగుతూనే ఉన్నాను.

నేను ఏం మిస్సయ్యానో ఎవరైనా చెప్తారా?


సూటిగా_సుబ్బు
ఆదివారం, రాత్రి 10:15

ఏమీ మిస్సవలేదు బ్రో. నేను ఇరవై నిమిషాలకే ఆపేశాను. పాతది, ఫ్రెంచిది, మాటల్లేనిది, ఈ మూడూ ఉంటే చాలు, బాగుందనకపోతే మనకి టేస్ట్ లేదంటారు. మాటల్లేని కామెడీ కావాలంటే చాప్లిన్ ఉన్నాడు, బస్టర్ కీటన్ ఉన్నాడు. వాళ్లు నవ్వించడానికి ఒళ్లు హూనం చేసుకున్నారు. ఈయన పైపు నోట్లో పెట్టుకుని వంగి వంగి నడుస్తాడు, అంతే.


పాతరీలు
ఆదివారం, రాత్రి 11:30

గాలి గారూ, ముందు మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

నేను దీన్ని ఎనభైల్లో ఒక ఫిల్మ్ సొసైటీలో చూశాను. పదహారు మిల్లీమీటర్ల ప్రింటు, వెనకాల ప్రొజెక్టర్ గిరగిరలు. అప్పుడు నాకూ మీలాగే అయింది. మనకి అలవాటైన కామెడీలో ఒకడు డైలాగ్ వేస్తాడు, రెండోవాడు మొహం మాడ్చుకుంటాడు, కెమెరా ఆ మాడిన మొహం మీదికి వెళ్తుంది. ఎక్కడ నవ్వాలో డైరెక్టరే వేలు పెట్టి చూపిస్తాడు. తాతి ఆ పని చెయ్యడు. క్లోజప్పులు దాదాపు ఉండవు. కెమెరాని దూరంగా నిలబెట్టి, ఫ్రేము నిండా మనుషుల్ని వదిలేస్తాడు. తలొంచుకుని ఫోన్ చూసి మళ్లీ తలెత్తేసరికి ఏ మూలో ఒకటి జరిగిపోయి ఉంటుంది. మీ నాన్నగారు సబ్‌టైటిల్స్ చదవకపోవడం వల్లే కళ్లు తెర మీద ఉన్నాయి.

ఒకటి చెప్తాను. నాలుగేళ్ల పిల్లాడు రెండు చేతుల్లో రెండు కోన్ ఐస్‌క్రీంలు పట్టుకుని హోటల్ మెట్లెక్కుతాడు. ఒక్కో మెట్టూ వాడికి పెద్ద గట్టు. పైకెళ్లాక తలుపు పిడి తిప్పాలి. కోన్ ఉన్న చేత్తోనే తిప్పుతాడు, చెయ్యితో పాటు కోనూ తిరిగి పక్కకి వాలిపోతుంది. ఇంక పడిపోయిందిరా అని మనం ఊపిరి బిగబడతాం. పడదు. వాడు లోపలికెళ్లి కుర్చీ ఎక్కి, అక్కడున్న ఇంకో పిల్లాడికి ఒకటిచ్చి, రెండోది తను తింటాడు. వేరే ఎవరైనా అయితే దాన్ని కిందపడేసి నవ్వించేవాళ్లు. మా మనవడితో చూస్తే వాడు అక్కడ చప్పట్లు కొట్టాడు.

ఇంతకీ ఈయన 1907లో పారిస్ పక్కన లె పెక్‌లో పుట్టాడు. అసలు ఇంటిపేరు తాతిషెఫ్, రష్యన్ మూలాలు. ఇంట్లో వ్యాపారం పటాలకు ఫ్రేములు కట్టడం, కుర్రతనంలో తనూ ఆ పని నేర్చుకున్నాడు. తర్వాత రగ్బీ ఆడాడు, ఆపైన స్టేజీ మీద టెన్నిస్ వాళ్లనీ, బాక్సర్లనీ, గుర్రపు స్వారీ వాళ్లనీ మాటల్లేకుండా అభినయించి పేరు తెచ్చుకున్నాడు. అందుకే ఇందులో టెన్నిస్ సీను అంత బాగుంటుంది. రాకెట్ అమ్మిన షాపావిడ దాన్ని ముందుకీ వెనక్కీ ఆడించి ఫట్‌మని ఎలా కొట్టాలో చూపిస్తుంది. యులో కోర్టులో అచ్చంగా అదే చేస్తాడు, ఆట రాకపోయినా అందర్నీ ఓడించేస్తాడు.


తాటిముంజ
సోమవారం, ఉదయం 7:05

తాటిచెట్టంత మనిషికి తాతి అనే పేరు, ఇంతకంటే తెలుగు పేరు ఫ్రాన్సులో దొరుకుతుందా 😄 నా ఐడీకీ ఈయనకీ ఏ సంబంధం లేదని మనవి.

డౌట్: ఆ హీరో పేరు యులోనా, హులోటా? నేను ఇన్నాళ్లూ హులోట్ అనుకుంటున్నాను.


నాంత్_నరసింహం
సోమవారం, మధ్యాహ్నం 1:40

యులో. హెచ్ పలకరు, చివర టీ పలకరు. కానీ మీరేం దిగులు పడకండి, సినిమాలో హోటల్ ఓనరుకే ఆ పేరు అర్థం కాదు. పైపు నోట్లో ఉండగానే చెప్తాడు కదా, ఏదో గుటక వేసినట్టు వినిపిస్తుంది. ఓనరు చెయ్యి చాపి పైపు నోట్లోంచి తీస్తే అప్పుడు "యులో" అని స్పష్టంగా వస్తుంది.

నేను ఏడేళ్లుగా ఫ్రాన్సులో, నాంత్ అనే ఊళ్లో ఉంటున్నాను. సినిమా తీసిన ఊరు సాన్ మార్క్ సుర్ మేర్, సాన్ నజేర్ రేవు పట్నంలో భాగం, అట్లాంటిక్ ఒడ్డు. పోయినేడాది మా ఆవిడ, పాపతో వెళ్లాను. మన ఆర్కే బీచ్ లాంటిది ఊహించుకుంటే నిరాశే, ఈ చివర నుంచి ఆ చివరికి ఐదు నిమిషాల్లో నడవొచ్చు. హోటల్ ఇప్పటికీ ఉంది. బీచ్‌కి కూడా యులో పేరే పెట్టారు. పైన గట్టు మీద ఆయన కంచు విగ్రహం, 1999లో పెట్టింది, నడుం వెనక చేతులు పెట్టుకుని కొంచెం ముందుకు వంగి కింద బీచ్‌ని చూస్తుంటాడు. మా పాప దాని పక్కన అలాగే వంగి నిలబడి ఫొటో దిగింది. గాలికి టోపీ ఎగిరిపోతే అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన పట్టుకుని తెచ్చిచ్చాడు. నిజంగా సినిమాలో గాలే. యులో హోటల్లో అడుగుపెట్టగానే తలుపు వెయ్యకుండా వదిలేస్తాడు కదా, పేపర్లు ఎగరడం, కెటిల్‌లోంచి పోసే టీ పక్కకి వంగిపోవడం, ఆ గాలి అక్కడ రోజూ ఉంటుంది.

ఇంకో మాట. రెండో ప్రపంచ యుద్ధంలో సాన్ నజేర్‌లో జర్మన్లు కట్టిన జలాంతర్గాముల స్థావరం ఉండేది. ఆ కాంక్రీటు కొండ ఇప్పటికీ అలాగే ఉంది. దాని కోసం మిత్రదేశాల విమానాలు ఊరంతా నేలమట్టం చేశాయి. జర్మనీ లొంగిపోయాక కూడా అక్కడి దళాలు మరో రెండు మూడు రోజులు లొంగలేదు, 1945 మే 11న గానీ ఆ ప్రాంతం విముక్తి కాలేదు. తాతి షూటింగ్ మొదలుపెట్టింది 1951 వేసవిలో, అంటే మధ్యలో ఆరేళ్లే. పట్నంలో ఇంకా కొత్త ఇళ్లు లేస్తున్నాయి. ఇది తెలిశాక చివర్లో బాణసంచా గుడిసె అంటుకునే సీను నాకు వేరేగా కనిపించింది. అర్ధరాత్రి చీకట్లో ధనాధన్‌మని పేలుళ్లు, హోటల్లో ఒక్కో గదిలో లైటు వెలగడం. అప్పటి ప్రేక్షకుల్లో చాలామంది అలాంటి రాత్రులు నిజంగా గడిపినవాళ్లే కదా. తాతి ఉద్దేశం అదేనని నేను అనను. నాకు అలా అనిపించింది.


సూటిగా_సుబ్బు
సోమవారం, మధ్యాహ్నం 2:10

అన్నా, యుద్ధం చరిత్ర బాగుంది, థాంక్స్. కానీ నవ్వు రావడానికి ముందు చరిత్ర పుస్తకం చదవాలంటే ఆ కామెడీ పాసా ఫెయిలా? మీరే చెప్పండి.


నాంత్_నరసింహం
సోమవారం, మధ్యాహ్నం 2:25

గోదారిగాలి గారి నాన్నగారు ఏ పుస్తకం చదివారు తమ్ముడూ?


శబ్దగ్రహణం
సోమవారం, రాత్రి 11:55

ఇప్పుడే మిక్సింగ్ నుంచి వచ్చాను, నిద్ర రావట్లేదు కాబట్టి పెద్ద పోస్టు. క్షమించండి.

నేను హైదరాబాద్‌లో సౌండ్ ఎఫెక్ట్స్ పని చేస్తాను. నా దృష్టిలో ఇది చూసే సినిమా కంటే వినే సినిమా. ఇందులో షూటింగ్ రోజున రికార్డు చేసి అలాగే ఉంచిన శబ్దం చాలా తక్కువ, దాదాపు అంతా తర్వాత కూర్చుని ఒక్కొక్కటిగా వేసుకున్నదే. మేమూ అదే చేస్తాం, అడుగుల చప్పుడు, గాజుల చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు. తేడా ఏంటంటే మేం అన్నీ వేస్తాం. డైరెక్టరు "నిండుగా ఉండాలి" అంటాడు. తాతి తీసేస్తాడు. బీచ్ నిండా జనం ఉంటారు, వినిపించేది పిల్లల కేకలు, అలలు, అంతే. మనుషుల మాటలు కూడా ఆయనకి ఎఫెక్ట్స్‌తో సమానం. కొన్ని ముక్కలు ఫ్రెంచి, కొన్ని ఇంగ్లీషు, మిగతాది గొణుగుడు. అందుకే సబ్‌టైటిల్స్ లేకపోయినా నష్టం లేదు.

భోజనాల గది తలుపు గుర్తుందా? రెండు వైపులా ఊగే తలుపు. వెయిటరు వెళ్లినప్పుడల్లా "డుంగ్" మంటుంది, వీణ మీద మంద్రంలో తీగ మీటి వదిలేసినట్టు. ఏ తలుపూ నిజంగా అలా మోగదు. మొదటిసారి విన్నప్పుడు వింతగా ఉంటుంది, మూడోసారికి నవ్వొస్తుంది, పదోసారికి మనమే దాని కోసం ఎదురు చూస్తాం. హాల్లో అందరూ పేకాట, పుస్తకాలు, నిశ్శబ్దం. పక్క గదిలో పింగ్‌పాంగ్ బంతి టక్కు టక్కు. ఆ టక్కు టక్కు ఆగిపోయిందంటే బంతి ఇటు వచ్చేసిందన్నమాట. యులో దాన్ని వెతుక్కుంటూ వచ్చి ఒక పేకాటరాయుడి కుర్చీని పట్టుకుంటాడు, అది గిర్రున తిరుగుతుంది, ఆయన చూసుకోకుండా ముక్క పక్క టేబుల్ మీద కొడతాడు. రెండు టేబుళ్ల మధ్య గొడవ. ఈలోగా యులో బంతి దొరికించుకుని వెళ్లిపోయాడు, వెనక ఏం జరిగిందో ఆయనకి తెలియనే తెలియదు.

సంగీతం అలాఁ రోమాఁది. ఒకటే ట్యూను, సినిమా అంతా అదే తిరిగి తిరిగి వస్తుంది. రెండు రోజులు బుర్రలోంచి పోదు, ముందే చెప్తున్నాను.


గోదారిగాలి
మంగళవారం, ఉదయం 6:40

ఆ తలుపు! నేను అది ప్రింటు పాడై వచ్చిన చప్పుడు అనుకున్నాను 🙈


సముద్రతీరం
మంగళవారం, ఉదయం 10:20

అందరూ నవ్వు గురించే మాట్లాడుతున్నారు. నాకు ఈ సినిమా చూసినప్పుడల్లా కొంచెం దిగులేస్తుంది.

ఫ్రాన్సులో ఉద్యోగులందరికీ జీతంతో కూడిన సెలవులు 1936లో చట్టంగా వచ్చాయి, ఏడాదికి రెండు వారాలు. అంతకుముందు సముద్రం ఒడ్డున సెలవులంటే డబ్బున్నవాళ్ల సంగతి. ఈ సినిమా నాటికి మధ్యతరగతి వాళ్లంతా పెట్టెలు సర్దుకుని వెళ్తున్నారు. వెళ్లి ఏం చేస్తున్నారో చూడండి. వ్యాపారస్తుడు స్నానానికి దిగబోతుంటే ఫోను వస్తుంది, పరిగెత్తుతాడు. ఒకాయన రోజంతా రాజకీయాల ఉపన్యాసం. గంట కొడితే అందరూ ఒకేసారి భోజనానికి లేస్తారు, ఆఫీసులో లంచ్ బెల్ కొట్టినట్టే. మనం గోవా వెళ్లి రిసార్టులో లాప్‌టాప్ తెరుచుకోవడం కంటే పెద్ద తేడా ఏముంది? ఆ మొత్తం హోటల్లో నిజంగా సెలవులకి వచ్చింది యులో, పిల్లలు, మార్టీన్ అనే ఆ అమ్మాయి.

ఫ్యాన్సీ డ్రెస్ డాన్సు సీను చూశారా? వేషాలేసుకుని రమ్మంటే వచ్చింది యులో, మార్టీన్, కొందరు పిల్లలు. మిగతా పెద్దవాళ్లు వేషాల్లేకుండా రేడియోలో ప్రసంగం వింటూ కూర్చుంటారు. యులో ఆమె వీపు మీద చెయ్యి ఎక్కడ వేయాలో తెలియక ఎంత బిడియపడతాడో. చివరి రోజు అందరూ ఒకళ్లకొకళ్లు అడ్రసులు ఇచ్చుకుంటారు, మళ్లీ వచ్చే ఏడు కలుద్దాం అనుకుంటారు, యులోని పలకరించేవాళ్లే ఉండరు. ఒక ముసలి ఇంగ్లీషావిడ, ఎప్పుడూ భార్య వెనకాల నడిచే ఆ పెద్దాయన, ఇద్దరే వచ్చి చెయ్యి కలుపుతారు. నాకక్కడ కళ్లు చెమ్మగిల్లాయి. కామెడీకి ఏడవడమేంటని మా వారు ఆట పట్టిస్తారు.


సూటిగా_సుబ్బు
మంగళవారం, సాయంత్రం 5:30

సరే, మీ అందరి పోరు పడలేక మొత్తం చూశాను. నిజాయితీగా: మధ్యలో అరగంట బోరే. గుర్రం సీను సాగింది. కానీ వెయిటరు మాంసం కోసే చోట గట్టిగా నవ్వాను, ఒప్పుకుంటున్నాను. బక్కాయన లోపలికి వస్తే పల్చటి ముక్క, లావాయన వస్తే మందం ముక్క, కత్తి అదే పోత, చూపు మాత్రం గుమ్మం వైపు. మా ఊరి ఫంక్షన్లలో వడ్డించేవాళ్లు సరిగ్గా ఇంతే.

శ్మశానం సీను కూడా బాగుంది. యులో కారు ట్యూబుకి తడి ఆకులు అంటుకుంటే దండ అనుకుని తీసుకెళ్లి పెడతారు, అది మెల్లగా బుస్సుమంటూ గాలి పోతుంది. ఈయన కాదని చెప్పలేక వరసలో నిలబడితే అందరూ పరామర్శించి వెళ్తారు.

ఇప్పుడొక తప్పు పట్టనా? 1953 సినిమాలో మడత పడిన పడవని చూసి షార్క్ అనుకుని జనం పారిపోతారు. అది జాస్ అనే షార్క్ సినిమా జోకు కదా. జాస్ వచ్చింది 1975లో. కాపీ ఎవరిది?


పాతరీలు
మంగళవారం, రాత్రి 8:45

సుబ్బు గారూ, మీరు తప్పు పట్టలేదు, తాతిని పట్టుకున్నారు. ఆ పారిపోయే ముక్క 1978లో తీసింది! డెబ్బై ఏళ్ల వయసులో మళ్లీ సాన్ మార్క్ వెళ్లి, పాతికేళ్ల నాటి సినిమాకి అతికేలా తీసి కలిపాడు. పడవ మడత పడి ఆయన్ని మింగడం పాతదే, జనం భయపడటం కొత్తది. మధ్యలో 1962లో సౌండు, సంగీతం మళ్లీ చేశాడు. ఈ మనిషికి సినిమా ఎప్పుడూ పూర్తి కాలేదు. 2009లో బాగు చేసి కాన్ చిత్రోత్సవంలో చూపించింది ఈ 1978 రూపాన్నే, ఇప్పుడు ఎక్కువగా దొరికేది అదే.

తర్వాతి కథ కూడా చెప్పాలి. ఈ సినిమాకి కాన్‌లో విమర్శకుల బహుమతి, లూయీ దెలుక్ బహుమతి వచ్చాయి, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మాటల్లేని సినిమాకి రచన విభాగంలో! యులోతోనే తీసిన తర్వాతి సినిమాకి ఏకంగా ఉత్తమ విదేశీ చిత్రం ఆస్కార్ గెలిచాడు. ఆ పైన 1967లో ప్లేటైమ్ అనే సినిమా కోసం పారిస్ శివార్లలో ఊరికి ఊరే సెట్టు వేసి దివాలా తీశాడు. పాత సినిమాల హక్కులు కూడా చేజారాయి. 1982లో పోయాడు. మిస్టర్ బీన్ వేసే రోవన్ ఆట్కిన్సన్ చిన్నప్పుడు చూసిన యులో ప్రభావం తన మీద ఉందని చెప్పాడు, మన పిల్లలు నవ్వే నవ్వుల్లో కొన్ని ఈ బీచ్ నుంచి వచ్చినవే.


తాటిముంజ
మంగళవారం, రాత్రి 9:10

ఆ డొక్కు కారు అమిల్కార్ అని ఎక్కడో చదివాను, నిజమేనా? మా తాతగారి స్కూటర్ కూడా అలాగే తుమ్ముతూ నడిచేది.


పాతరీలు
మంగళవారం, రాత్రి 9:20

చాలామంది అలాగే రాస్తారు. అది సాల్మ్‌సన్ ఏఎల్3, 1924 మోడల్. అంటే షూటింగ్ నాటికే దానికి పాతికేళ్లు దాటాయి. అసలు ఆ కుక్క సీను చూడండి, రోడ్డు మధ్యలో పడుకున్న కుక్క పెద్ద కార్లకి లేస్తుంది, దీనికి లేవదు.


మోడరేటర్
మంగళవారం, రాత్రి 10:00

డౌన్‌లోడ్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. స్కూటర్ల గురించి వేరే థ్రెడ్ ఉంది, దయచేసి అక్కడ. (కుక్క సీను నాకూ ఇష్టం.)


గోదారిగాలి
శనివారం, రాత్రి 11:15

అందరికీ థాంక్స్. ఈరోజు మళ్లీ చూశాం. ఫోన్ అమ్మకిచ్చి, సబ్‌టైటిల్స్ ఆపేసి, నాన్న పక్కన కూర్చున్నాను.

బీచ్‌లో పెయింటు డబ్బా సీను మొదటిసారి నా కంట్లోనే పడలేదు. యులో పడవకి రంగు వేస్తుంటాడు. అల వచ్చి డబ్బాని పడవకి అవతలి వైపు తీసుకెళ్తుంది. ఇటు చూస్తాడు, లేదు. అటు తిరిగేసరికి అల దాన్ని మళ్లీ ఇటు తెచ్చి, ఎక్కడ పెట్టాడో సరిగ్గా అక్కడే వదిలి వెళ్తుంది. కుంచె ముంచబోయే క్షణానికి డబ్బా సిద్ధం. నేను నవ్వుతుంటే నాన్న గర్వంగా చూశారు, సినిమా ఆయనే తీసినట్టు.

ఇంకొకటి నాన్న పట్టుకున్నారు. భార్య వెనకాల నడిచే పెద్దాయన గురించి సముద్రతీరం గారు రాశారు కదా. భార్య ఇసుకలో గవ్వలు ఏరి ఆయన చేతిలో పెడుతుంది, ముందుకెళ్లిపోతుంది. ఆయన వాటిని చూసి, వెనక్కి విసిరేస్తాడు. నాన్న నవ్వుతూ ఓరకంట అమ్మని చూశారు. అమ్మ "ఏంటి, పోయినసారి రామేశ్వరంలో నేనిచ్చిన గవ్వలేవి?" అంది. నాన్న సినిమా కొంచెం వెనక్కి జరపమన్నారు, ఏదో మిస్సయిందట.

చివర్లో తపాలా బిళ్ల ఎర్రగా కనిపించింది, సినిమా మొత్తానికి అదొక్కటే రంగు. మా టీవీ పాడైందేమో అనుకున్నాను, అదీ కావాలని పెట్టిందేనా?


పాతరీలు
శనివారం, రాత్రి 11:30

కావాలనే. టీవీ బాగానే ఉంది. తాతి అంతకుముందు సినిమా 1949 నాటి పల్లెటూరి కామెడీ, దాన్ని రంగుల్లో తీశాడు. కానీ ఆ రంగుల పద్ధతిలో ప్రింట్లు వెయ్యడం ఎవరివల్లా కాలేదు. అదృష్టవశాత్తు పక్కన ఇంకో కెమెరాతో బ్లాక్ అండ్ వైట్‌లో కూడా తీసి ఉంచారు, విడుదలైంది అదే. రంగుల సినిమాని 1995లో ఆయన కూతురు సోఫీ బయటికి తెచ్చింది, అప్పటికి ఆయన లేడు. ఇక్కడ ఆ ఒక్క బిళ్లతో సరిపెట్టుకున్నాడు.


గోదారిగాలి
శనివారం, రాత్రి 11:40

శబ్దగ్రహణం గారూ, ఒక చిన్న సాయం. ఆ తలుపు చప్పుడు తన ఫోనుకి రింగ్‌టోన్‌గా కావాలని నాన్న పట్టుబట్టారు. అలాంటిదేదైనా చేసి పంపగలరా?


శబ్దగ్రహణం
ఆదివారం, తెల్లవారుజాము 2:10

స్టూడియోలో తంబురా తీగ మీటి మీ ఇన్‌బాక్స్‌లో పెట్టాను. ఇంట్లో వాళ్లకి మాత్రం ముందే చెప్పండి. నా ఫోనులో పెట్టి చూశాను, మోగగానే మా అసిస్టెంట్ లేచి వెళ్లి తలుపు తీశాడు.